కాటా ఎక్కని చేప

ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మనవడు ఫోనులో ఒక జత బూట్లు చూశాడు. అడుగు వేస్తే మడమల్లో దీపాలు వెలిగే బూట్లు. వాటిని చూపించినవాడూ చిన్నపిల్లవాడే. పెట్టె విప్పి, తొడుక్కుని, చీకటి గదిలో నాలుగు గెంతులు గెంతి, చివర్లో తెరకు దగ్గరగా మొహం పెట్టి, మీరంటే మీ మమ్మీకి ఇష్టమైతే ఇవాళే తెప్పిస్తుంది అని హిందీలో చెప్పాడు. మనవడు ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కోడలు చేతులు తుడుచుకుని అడ్రసు కొట్టింది. ఈ పిన్‌కోడ్‌కు ఈ వస్తువు పంపలేము అని వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో మా డాలీగంజ్ వైపు ఉండేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎన్నో వస్తువులకు అలాగే వస్తుంది.

"నహీ ఆయేగా బేటా. మన దగ్గరికి పంపరంట," అంది కోడలు.

వాడు ఏడవలేదు, అల్లరి చేయలేదు. తల్లి మొహంలోకి ఒకసారి చూసి, ఫోను తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాను. ఆ చూపు నాకు తెలుసు. అది కోపం కాదు. ఎదుటి మనిషిని కొలిచి, తక్కువ పడిందని తెలుసుకున్న చూపు. మా తమ్ముడు మా అమ్మను అలా చూసేటప్పటికి వాడికీ ఇంచుమించు ఇదే వయసు.

మేమప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే, రోడ్డు కింద సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళం. అన్నీ రేకుల ఇళ్ళు, అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల పనివాళ్ళు. నాన్నకు ఒక డింగీ పడవలో వాటా ఉండేది. ఇల్లంతా మూడు వాసనలు: ఇంజిన్లో పోసే డీజిలు, ఎండుతున్న కవళ్ళ చేపలు, వానకు తడిసిన కొబ్బరి పీచు. బయటివాళ్ళు వస్తే ముక్కు చిట్లించేవారు. మాకు తెలిసేది కాదు. బడి నుంచి వస్తూ ఆ వాసన తగిలితే ఇల్లు వచ్చిందని అర్థం, అంతే.

నాన్న వాళ్ళమ్మను మేము మామ్మ అనేవాళ్ళం. బుట్ట నెత్తిన పెట్టుకుని లంబాలైన్ క్వార్టర్లలో చేపలు అమ్మేది. సెలవు రోజుల్లో నేనూ ఆమె వెనక వెళ్ళేదాన్ని. విమానాశ్రయం గోడ పక్కనే ఆ ఇళ్ళు. విమానం దిగేటప్పుడు మామ్మ మాట ఆపేది, అది వెళ్ళిపోయాక అదే మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టేది.

ఆమె అమ్మే పద్ధతి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఇంటి ముందు ఆగి ఇల్లాలిని పిలిచేది కాదు. పిల్లల్ని పిలిచేది. బుట్టలో పైన ఎప్పుడూ ఒక నీలి చిలక చేప ఉండేది. అది అమ్మడానికి కాదు, చూపించడానికి.

"బేటా, ఇలారా. దీని పళ్ళు సూడు, నీ పళ్ళలాగే లేవూ?"

పిల్లవాడు వచ్చేవాడు. వాడి వెనక తల్లి వచ్చేది. అప్పుడు మామ్మ గొంతు మార్చేది.

"దీదీ, పిల్లోడి కోసం ముల్లు తక్కువున్నది ఏరి తెచ్చినాను. డాక్టర్ సాబ్ ఇంట్లో ఇదే తీసుకున్నారు. మా మనవడు రోజూ ఇదే తింతాడు. సముద్రంలో దూకితే సూడాల ఆణ్ణి."

తల్లి బేరం ఆడుతుండగా పిల్లవాడు చేప పళ్ళు లెక్కపెడుతూ ఉండేవాడు. బేరం తెగేది. మామ్మ బుట్ట ఎత్తుకుని పక్కింటికి వెళ్ళి, ఈ ఇంట్లోవాళ్ళు తీసుకున్నారని అక్కడ చెప్పేది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒడ్డుకు వచ్చిన చేపల్లో అన్నిటికన్నా ముందు కూర చేప తీసి పక్కన పెట్టాలి. ఇంట్లో వండుకునే చేపను మావాళ్ళు అలా అంటారు. అది చిన్నది కావచ్చు, ఒక్కోసారి మంచి ధర పలికే కోనెం కావచ్చు. ఏదైనా అది కాటా ఎక్కదు. ఎంత ఇబ్బందిలో ఉన్నా దాన్ని అమ్మరు. తెచ్చినవాడి ఇంట్లో ముందు పొయ్యి మీద పడాలి, ఆ తర్వాతే ఊరికి. మామ్మ ఆ విషయంలో దేవుణ్ణయినా నమ్మేది కాదు. ఆమే ఏరి అమ్మ చేతికి ఇచ్చి, ఆ తర్వాత బుట్ట సర్దుకునేది.

మా వరసలో టీవీ మొదట వచ్చింది ఓడలో పనిచేసే ఒకాయన ఇంటికి. మేము ఆయన్ని జహాజ్ భయ్యా అనేవాళ్ళం. ఆదివారం సాయంత్రాలు పిల్లలమంతా ఆయన ఇంటి నేల మీద కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళు కిటికీ బయట నిలబడేవారు. సినిమా కంటే మధ్యలో వచ్చే ప్రకటనలే మాకు బాగా తెలుసు, ఎందుకంటే అవి మారేవి కావు.

ఒకటి పాలల్లో కలుపుకునే పొడి గురించి. ఒక పిల్లవాడు పరుగుపందెంలో వెనకబడతాడు. ఇంటికి వస్తాడు. తల్లి గాజు జగ్గులోంచి చిక్కటి పాలు పోసి, ఒక చెంచా పొడి వేసి ఒక్క తిప్పు తిప్పుతుంది. తెల్లకోటు మనిషి వచ్చి ఎముకల బొమ్మ చూపిస్తాడు. మళ్ళీ పందెం. ఈసారి వాడు గెలిచి, "మమ్మీ" అని అరుస్తూ వచ్చి తల్లిని కరుచుకుంటాడు. అప్పుడొక ఆడగొంతు మెల్లగా, మంచి తల్లికి ఏం ఇవ్వాలో తెలుసు అంటుంది.

ఒక ఆదివారం మామ్మ కిటికీ దగ్గర నిలబడి అది మొత్తం చూసింది. చుట్ట నోట్లోంచి తీసింది.

"ఓలమ్మ, ఈడు నా బుట్ట ఎత్తుకుపోయినాడే," అంది.

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. "నీ బుట్టలో చేపలు కదే ముసిల్దానా, ఆడి దగ్గర పొడి," అంది ఒకామె.

"ఏదైతే ఏటి? ముందు గుంటణ్ణి పట్టినాడు. తర్వాత డాక్టర్ని తెచ్చినాడు. ఆకరికి తల్లి మీదకి ఎల్లినాడు. నాను సేసీదీ అదే."

ఆమె కోపంగా అనలేదు. తోటి వ్యాపారిని చూసి మెచ్చుకున్నట్టే అంది. మా తమ్ముడు మాత్రం ఇవేమీ వినలేదు. వాడు తెర వైపు చూస్తున్నాడు. వాడు వయసుకు తగ్గ ఎత్తు ఉండేవాడు కాదు. బడిలో వరసలో అందరికంటే ముందు నిలబెట్టేవారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర వాడు ఆ పొడి డబ్బా అడిగాడు. అమ్మ కానాగంత చేపల పులుసు వడ్డిస్తూ, అది మనలాంటివాళ్ళకు కాదంది. వాడు అమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత పళ్ళెం వైపు చూసి తినడం మొదలుపెట్టాడు. అంతకంటే ఏమీ జరగలేదు. అందుకే మేమెవరం పట్టించుకోలేదు.

కొన్నాళ్ళు గడిచాక అమ్మ నన్ను నూతి దగ్గర ఆపింది.

"తమ్ముడు నన్ను అమ్మా అనడం మానేసినాడు. నువ్వు గమనించినావా?"

నేను గమనించలేదు. ఆ రోజు నుంచి విన్నాను. నిజమే. నీళ్ళు కావాలంటే "నీళ్ళు" అనేవాడు. బయటికి వెళ్ళేటప్పుడు గాలికి చెప్పినట్టు "ఎల్తన్నాను" అనేవాడు. అమ్మతో మరీ పని పడితే నా దగ్గరికి వచ్చి "ఆవిడికి చెప్పు" అనేవాడు. పొగరేం లేదు, చెప్పిన పని చేసేవాడు, కొడితే పడేవాడు. ఆ ఒక్క మాట మాత్రం లేదు.

నాన్న ఒకసారి వాణ్ణి ఒడ్డుకు తీసుకెళ్ళి అడిగాడు.

"అమ్మని అమ్మా అనవేటిరా?"

"కావాల్సింది ఇచ్చీదాన్నే అలగంతారు కదా," అన్నాడు వాడు. "మంచి మమ్మీ వేరేగుంటాది."

నాన్న వాణ్ణి కొట్టలేదు. వల దగ్గర కూర్చుని చిరిగిన కన్నులు కుట్టుకున్నాడు. ఆ మాట అమ్మకు ఎవరూ చెప్పలేదు. చిన్న ఇళ్ళు కాబట్టి చెప్పనవసరం లేకపోయింది.

తర్వాత ఒక తెల్లవారుజామున మామ్మ బుట్ట సర్దుతూ ఆగిపోయింది. అడుగున ఒక మంచి కోనెం ఉంది. తాను ఏరి అమ్మ చేతికి ఇచ్చిన చేప.

"ఏటే ఇది? కూర సేప బుట్టలోకి ఎవులు ఏసినారు?"

"నానే అత్తా," అంది అమ్మ. పొయ్యి ఊదుతూ తల తిప్పలేదు.

"కాటా ఎక్కని సేప అది."

"తెలుసు. దాన్ని అమ్మీయి. గుంటడికి డబ్బా కొనాల."

"ఆ టీవీవోడి మాట నమ్మినావా? ఆడు సెప్పీది నాను లంబాలైన్‌లో సెప్పీదే కదే. అబద్ధం ఎలాగుంతాదో నాకు తెల్దా?"

"నువ్వు సెప్తే లంబాలైన్ వోలు కొంతన్నారు కదా అత్తా," అంది అమ్మ. "ఆలు కొంతే తప్పు నేదు, నాను కొంతే తప్పా?"

మామ్మ కోనెం తీసి పైన పెట్టి, చుట్టకుదురు నెత్తిన వేసుకుంది.

ఆ తర్వాత రోజూ కూర చేప కూడా బుట్టలోకే వెళ్ళింది, మా ఇంట్లో చేప వండలేదు. అన్నం, పప్పు, ఎప్పుడైనా ఊరగాయ. చుట్టూ ఇరవై ఇళ్ళ నుంచి చేపల పులుసు వాసన, మా పొయ్యి మీద కందిపప్పు వాసన. పప్పు ఓడలో రావాలి, చేప మా గుమ్మం ముందు దొరుకుతుంది. అయినా మేము పప్పు తిన్నాం. నాన్న ఒడ్డున తోటివాళ్ళతో తినేసి వచ్చేవాడు.

ఆ రోజుల్లో ఒక సెలవు పూట నేను మామ్మతో లంబాలైన్ వెళ్ళాను. మొదటి ఇంటి ముందు ఆగి, ఎప్పటిలాగే పిల్లవాణ్ణి పిలిచి, చిలక చేప పళ్ళు చూపించింది. తల్లి వచ్చింది. మామ్మ కోనెం ఎత్తి పట్టుకుంది.

"మా మనవడు రోజూ ఇదే తింతాడు దీదీ."

గొంతు ఎక్కడా తడబడలేదు. మాట ముందు ఎలా ఉండేదో అలాగే ఉంది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ ఇల్లాలు చేప తీసుకుని, "వీడు ఏదీ తినడు, మీరు చెప్తేనే తింటాడు" అని హిందీలో నవ్వుతూ అంది. విమానం వచ్చింది. మామ్మ నోరు మూసుకుని, అది దిగేదాకా అలాగే నిలబడింది. ఈసారి విమానం వెళ్ళిపోయాక ఆమె ఏమీ మాట్లాడలేదు.

డబ్బా వచ్చింది. అమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది. మూత తీస్తే వచ్చిన వాసన నాకిప్పటికీ గుర్తుంది. తియ్యగా, కొద్దిగా మాడినట్టు, మా ఇంట్లో ఏ వస్తువుకూ లేని వాసన. అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ చెంచాతో పొడి తీసి నాలుక మీద వేసుకునేవాళ్ళం. అది అంగిట్లో అంటుకుని కదిలేది కాదు. మాట్లాడలేక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ డబ్బా వల్ల మా ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే.

పాల దగ్గర ఇబ్బంది వచ్చింది. మాకు పాలంటే పాలపొడి. అదీ ఓడలోనే వచ్చేది. అమ్మ వేడి నీళ్ళలో ఒక పొడి వేసి, దాని మీద ఇంకో పొడి వేసి కలిపేది. రెండూ కలిసి గడ్డలు కట్టి పైకి తేలేవి. ఆమె గడ్డలన్నిటినీ గిన్నె అంచుకు అదిమి అదిమి నలిపేది. టీవీలో తల్లి ఒక్క తిప్పు తిప్పేది. తమ్ముడు గిన్నెలోకి చూస్తూ నిలబడేవాడు.

మొదటి గ్లాసు తాగాక వాడు మూతి తుడుచుకుని, "థాంక్యూ మమ్మీ" అన్నాడు.

అమ్మ వెంటనే పలకలేదు. ఆ మాట తనకోసమేనని తెలియడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత "ఆ" అంది. ఆ తర్వాత నుంచి వాడు మమ్మీ అన్నప్పుడల్లా పలికింది. పొయ్యి మీద అన్నం పొంగుతున్నా సరే, తల ఎత్తి పలికేది.

బడిలో పందేలు వచ్చాయి. తమ్ముడు పేరు ఇచ్చాడు. ముందురోజు సాయంత్రం రెండు గ్లాసులు తాగాడు. నేను పెద్ద తరగతి పిల్లలతో తాడు పక్కన నిలబడ్డాను. ఈల వేశారు. వాడు పరిగెత్తాడు. మొదటి నుంచి చివరిదాకా మధ్యలోనే ఉన్నాడు. చివర్న రాలేదు, పడిపోలేదు, ఎవరూ నవ్వలేదు. ఎవరూ చూడలేదు కూడా. గీత దాటాక ఆగి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

ఇంటికి వచ్చాం. మామ్మ గడపలో చుట్ట కాలుస్తోంది. అమ్మ బయటికి వచ్చి నన్ను చూసింది, వాణ్ణి చూసింది.

"ఆవిడ సరిగ్గా కలపలేదు," అన్నాడు తమ్ముడు నాతో. "టీవీలో వాళ్ళవి గడ్డలు కట్టవు."

పొడి మంచిది కాదని వాడికి తోచలేదు. ప్రకటన అబద్ధమనీ తోచలేదు. అవి రెండూ సందేహించడానికి వీలులేనివి. మిగిలింది అమ్మే.

మా అమ్మ "అవును" అంది.

అంతే అంది. వాదించలేదు. లోపలికి వెళ్ళి గిన్నె కడిగింది. చాలాసేపు కడిగింది.

"ఒలే కోడలా," అంది మామ్మ గడపలోంచే. "నా సేప పాడైతే రేపు ఆ ఇల్లాలు నన్ను తిడతాది. తిట్టినా మళ్ళీ ఆ గుమ్మం ముందే బుట్ట దించాల. ఈ టీవీవోడు రేపు రాడే. ఎవుల్ని తిడతావు? ఇంట్లో వోల్ని తిట్టుకోవాల, నేదంతే నిన్ను నువ్వు తిట్టుకోవాల."

లోపల అమ్మ గిన్నె కడుగుతూనే ఉంది.

డబ్బా అయిపోయింది. వానలు పట్టాయి, ఓడ ఆలస్యమైంది, బజారులో ఇంకో డబ్బా లేదు. మమ్మీ అనే మాట కూడా డబ్బాతో పాటే అయిపోయింది. ఒక ఆదివారం సాయంత్రం అమ్మ నూతి దగ్గర బట్టలు ఉతుకుతోంది. జహాజ్ భయ్యా కిటికీ ఆ పక్కనే. లోపల టీవీలో ఆ పిల్లవాడు పందెం గెలిచి "మమ్మీ" అని అరిచాడు. అమ్మ చేతిలో బట్ట వదిలేసి తల తిప్పి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ బట్ట అందుకుంది. నేను బిందె పట్టుకుని వెనకే ఉన్నాను. నేను చూసినట్టు ఆమెకు తెలియదు.

మర్నాడు మామ్మ కూర చేపను ఏరి, అమ్మ చేతికి ఇవ్వకుండా తానే తోమి, ముక్కలు కోసి, పొయ్యి మీద పెట్టింది. అమ్మ అడ్డం చెప్పలేదు. చింతపండు పులుసు వాసన రేకుల కింద నిండిపోయింది. తమ్ముడు పళ్ళెం ముందు కూర్చుని ఆబగా తిన్నాడు. అన్నాళ్ళు పప్పు తిని ముల్లు ఏరుకోవడం మరిచిపోయాడో ఏమో, నాలుగో ముద్దకు వాడి గొంతులో ముల్లు గుచ్చుకుంది. కళ్ళు పెద్దవి చేసి, మెడ పట్టుకుని, "అమ్మా" అన్నాడు.

అమ్మ వట్టి అన్నం ముద్ద చేసి వాడి నోట్లో పెట్టింది. "నమలకు, మింగు," అంది. ఇంకో ముద్ద పెట్టింది. ముల్లు దిగిపోయింది. వాడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిన్నాడు. అమ్మ వాడి పళ్ళెంలో చేప ముక్కలు తీసుకుని ఒక్కొక్క ముల్లూ ఏరుతూ కూర్చుంది. ఆ తర్వాత వాడు అమ్మా అనడం ఎప్పుడూ మానలేదు. దాని గురించి మాకెవరికీ సంతోషం కలిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. వాన తగ్గినట్టు తగ్గింది, అంతే.

పెద్దయ్యాక నేను ఓడెక్కి విశాఖ వెళ్ళి, మళ్ళీ ఇక్కడికి తిరిగొచ్చేదాకా చాలా ఏళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. పేజీ వేసేటప్పుడు ముందు ప్రకటనలకు గళ్ళు గీసి, మిగిలిన చోట్లో వార్తలు నింపేవాళ్ళం. పిల్లల వస్తువుల ప్రకటనలు వచ్చినప్పుడు మామ్మలాగే చదివేదాన్ని. పిల్లవాడు, తెల్లకోటు, తల్లి. వరస మారలేదు. తెల్లకోటు మనిషి స్థానంలో ఇప్పుడు ఇంకో పిల్లవాడు వచ్చాడు, అంతే తేడా. అది తెలిసినంత మాత్రాన నేనేమీ చేయలేదు. గళ్ళు సరిగ్గా వచ్చాయో లేదో చూసి పేజీ పంపేదాన్ని.

తమ్ముడు పదో తరగతి దాటాక ఉన్నట్టుండి ఎదిగాడు. మా ఇంట్లో అందరికంటే పొడుగయ్యాడు. రంగత్‌లో ఉద్యోగం దొరికి అక్కడే స్థిరపడ్డాడు. అమ్మను చూడటానికి బస్సులో వచ్చి, గుమ్మంలో తల వంచి లోపలికి అడుగుపెట్టేవాడు. డబ్బా సంగతి వాడికి గుర్తు లేదు. నేనోసారి అడిగితే నవ్వి, "ఏ డబ్బా దీదీ?" అన్నాడు.

అమ్మకు గుర్తుంది. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని, వాడు తల వంచి లోపలికి రావడం చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయేల మంచి పాలు దొరికుంటే ఇంకా ఎదిగీవోడు," అంది.

మామ్మ అప్పటికి లేదు. ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలుసు. నేను అనలేదు. అమ్మ కళ్ళు మూసుకుంది.

ఇవాళ బూట్ల సంగతి అయ్యాక కోడలు నా దగ్గర కూర్చుని చేపలు తోమింది. కూర చేప కట్టుబాటు మా ఇంట్లో ఇప్పుడు లేదు. అందరితోపాటు బజారులో కొనుక్కుంటాం.

"పోయిన నెల మా అన్న చెన్నై నుంచి వచ్చినప్పుడు అతనితో తెప్పించాల్సింది అత్తమ్మా," అంది. "నాదే తప్పు."

"అవునా," అన్నాను. ఇంకేదో అనాలని నోరు తెరిచాను. అవతలి గదిలో ఫోను దానంతటదే తర్వాతి వీడియోకు వెళ్ళింది. అందులో ఎవరో పిల్లవాడు "మమ్మీ" అని పిలిచాడు.

కోడలు చేతిలో చేప అలాగే పట్టుకుని, తల తిప్పి చూసింది.